పిల్లల ఇంటిపేరు మారితే తండ్రి ఇచ్చే మనోవర్తి ఆగిపోతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆమె బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకటి కోర్టు ఉత్తర్వు. నాలుగు మడతలు పెట్టి దాచుకున్నది, మడతల దగ్గర చిరుగు పట్టింది. రెండోది బడి ఫీజు రసీదు. ఉత్తర్వులో బాబు పేరు ముందు 'పి' అని ఉంది, అది తండ్రి ఇంటిపేరు. రసీదులో అదే పేరు ముందు 'కె' ఉంది, అది తల్లి పుట్టింటి పేరు. "అక్షరం మారింది కాబట్టి ఇక తనకు సంబంధం లేదంటున్నారండీ" అంది. అప్పటికి నాలుగు నెలలుగా బాబుకు డబ్బు అందడం లేదు.

ఉచిత న్యాయ సలహా కోసం వచ్చేవాళ్లతో కూర్చునే నాకు ఈ మాట కొత్త కాదు. తండ్రులు ఈ మాట చెప్పి డబ్బు ఆపేస్తారు, తల్లులు దాన్ని నమ్మి అడగడం మానేస్తారు. మధ్యలో ఫీజులూ మందులూ ఆగేది పిల్లలకు. అందుకే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఇంటిపేరు మారితే తండ్రి బాధ్యత పోతుందా?

పోదు. బిడ్డను పోషించాల్సిన బాధ్యత పుట్టుకతో వచ్చింది, పేరుతో రాలేదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని 20వ సెక్షన్ చూడండి. తల్లిదండ్రులు మైనరు పిల్లలను పోషించి తీరాలని అందులో ఉంది. పెళ్లి చేసుకున్నవారికి పుట్టారా, పెళ్లి లేకుండా పుట్టారా అన్న తేడా కూడా లేదు. పిల్లలు ఫలానా ఇంటిపేరు పెట్టుకోవాలన్న షరతు ఆ చట్టంలో ఎక్కడా కనబడదు.

మతంతో సంబంధం లేకుండా అందరికీ వర్తించేది మరొకటి ఉంది. ఒకప్పుడు సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్ అని అందరి నోట నానిన నిబంధన అది. 2024 జులై 1 నుంచి, ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. అక్కడా పేరు ప్రసక్తి లేదు. తనకు స్తోమత ఉండి, తనను తాను పోషించుకోలేని బిడ్డను పట్టించుకోని తండ్రిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, అంతే.

మనోవర్తి అంటే తిండి ఖర్చేనా?

కాదు. 1956 చట్టం తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం అన్నింటినీ కలిపి మనోవర్తి అంది. పెళ్లికాని కూతురి విషయంలో పెళ్లి ఖర్చు కూడా అందులోకే వస్తుంది. "బియ్యం పంపిస్తున్నానుగా" అనే తండ్రికి ఈ వాక్యం చూపించండి.

మరి ఏది మారితే బాధ్యత నిజంగా పోతుంది?

దత్తత జరిగితే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు కొత్త భర్త ఇంటిపేరు పెట్టారు. బడిలో, ఆధార్‌లో మార్చారు. ఇంతవరకు జరిగింది పేరు మార్పు మాత్రమే. కన్నతండ్రి కన్నతండ్రిగానే ఉన్నాడు, మనోవర్తి ఇవ్వాల్సిందే. అలాకాక మారుతండ్రి ఆ బిడ్డను చట్టప్రకారం దత్తత తీసుకుంటే కథ వేరు. 1956 చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత రోజు నుంచి పుట్టిన కుటుంబంతో బిడ్డకు ఉన్న బంధాలన్నీ తెగిపోయి, దత్తత వెళ్లిన కుటుంబంతో ఏర్పడతాయి. ఆ రోజు నుంచి పోషించాల్సింది దత్తత తండ్రి. అంతకుముందు నెలల బకాయి మాత్రం దత్తతతో మాఫీ కాదు.

పైగా దత్తతకు వెనక్కి దారి లేదు. చెల్లుబాటయ్యేలా జరిగిన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదని 15వ సెక్షన్ చెబుతోంది. రెండో పెళ్లి కూడా నిలవకపోయినా కన్నతండ్రి బాధ్యత తిరిగి రాదు.

కన్నతండ్రి బతికి ఉంటే దత్తతకు అతని సమ్మతి కావాలి. ప్రపంచాన్ని త్యజించి సన్యసించినా, హిందువుగా ఉండటం మానేసినా, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినా మినహాయింపు ఉంది. విడాకులైనంత మాత్రాన ఆ సమ్మతి అవసరం తీరిపోదు. అందుకే కొందరు తండ్రులు బేరానికి వస్తారు: "దత్తతకు సంతకం పెడతాను, నెలనెలా డబ్బు అడగొద్దు" అని. మారుతండ్రి మనసున్నవాడై, బిడ్డ అతన్నే నాన్నగా ఎరిగి ఉంటే అది మంచి ఒప్పందమే కావచ్చు. కానీ పేరు మార్పు కాగితం అనుకుని దత్తత పత్రం మీద సంతకం చేసే తల్లులూ ఉంటారు. కాగితం పైన ఏమి రాసి ఉందో చదవకుండా కలం పట్టుకోకండి.

మారుతండ్రి సంపాదిస్తున్నాడు కదా, కన్నతండ్రి ఎందుకు ఇవ్వాలి?

దత్తత తీసుకోని మారుతండ్రికి ఆ బిడ్డను పోషించాల్సిన చట్టబద్ధమైన బాధ్యత లేదు కాబట్టి. ప్రేమతో పెంచుతూ ఉండవచ్చు, అది అతని మంచితనం. ఒకరి మంచితనం మరొకరి బాకీని తీర్చదు.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే మనోవర్తి ఉత్తర్వు రద్దవుతుందా?

ఆమె వాటా రద్దవుతుంది. మళ్లీ పెళ్లి చేసుకున్న మాజీ భార్యకు భర్త మనోవర్తి ఇవ్వక్కర్లేదు. బిడ్డ వాటా మాత్రం కొనసాగుతుంది. చిక్కు వచ్చేది ఉత్తర్వులో "తల్లికీ బిడ్డకూ కలిపి నెలకు ఇంత" అని ఒకే మొత్తం రాసి ఉన్నప్పుడు. ఎవరిది ఎంతో తేలక మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. పిటిషన్ వేసే రోజే ఇద్దరి మొత్తాలూ విడివిడిగా అడగమని మీ న్యాయవాదికి చెప్పండి.

తండ్రి బతికి ఉండగా తల్లి ఒక్కతే ఇంటిపేరు మార్చవచ్చా?

ఆచరణలో ఇది అంత సులువు కాదు. చాలా కార్యాలయాలు తల్లిదండ్రులిద్దరి సమ్మతి గానీ, కోర్టు ఉత్తర్వు గానీ అడుగుతాయి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేవాళ్లు బిడ్డ ఇంటిపేరు గురించి ఆ ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకుంటే తర్వాత తిరుగుళ్లు తప్పుతాయి.

కోర్టుల ధోరణి ఎలా ఉందో చెప్పడానికి రెండు సందర్భాలు చాలు. 2021 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టుకు ఒక తండ్రి వెళ్లాడు. మైనరు కూతురి కాగితాల్లో తల్లి ఇంటిపేరు కాక తన ఇంటిపేరే ఉండాలని అడిగాడు. తండ్రి కూతురికి యజమాని కాడని, తల్లి ఇంటిపేరు పెట్టుకునే హక్కు పిల్లలకు ఉందని న్యాయమూర్తి అన్నారు.

రెండోది మన తెలుగు కుటుంబానిదే. 2006లో భర్త పోయేనాటికి బిడ్డకు రెండున్నర నెలలు. మరుసటి ఏడాది తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. నాయనమ్మ, తాతయ్య కోర్టుకు వెళ్లారు. బిడ్డకు పాత ఇంటిపేరే పెట్టాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. రికార్డుల్లో కన్నతండ్రి పేరు చూపాలని, అది వీలు కాకపోతే కొత్త భర్త పేరు పక్కన మారుతండ్రి అని రాయాలని కూడా చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు తల్లేనని, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని తేల్చింది. కాగితాల మీద మారుతండ్రి అని రాయమనడం దాదాపు క్రూరమైనదని, అది బిడ్డ మనసు మీద, ఆత్మగౌరవం మీద ఎలాంటి దెబ్బ వేస్తుందో ఆలోచించని పని అని వ్యాఖ్యానించింది. తెలుగునాట ఇంటిపేరు పేరుకు ముందే ఉంటుంది. హాజరు పిలిచిన ప్రతిసారీ ముందుగా వినబడేది అదే. తమ్ముడికి ఒక అక్షరం, తనకు ఒక అక్షరం ఎందుకో తరగతిలో చెప్పుకోవాల్సి వచ్చే పిల్లవాణ్ని తలచుకుంటే ఆ తీర్పు విలువ తెలుస్తుంది.

ఆ కేసులో తండ్రి చనిపోయాడని మాత్రం గుర్తుంచుకోండి. తండ్రి బతికి ఉన్న ప్రతి కేసుకూ అది తాళంచెవి కాదు.

నేను తండ్రిని. నన్ను అడగకుండా పేరు మార్చేశారు. డబ్బు ఆపవచ్చా?

ఆపకండి. మీ బాధ నాకు అర్థమవుతుంది. తాత ముత్తాతల నుంచి వచ్చిన పేరు బిడ్డ దగ్గర ఆగిపోయిందంటే ఏ తండ్రికైనా గుండె కలుక్కుమంటుంది. ఆ ఫిర్యాదు వినడానికి కుటుంబ న్యాయస్థానం ఉంది. పేరు మార్పును అక్కడ ప్రశ్నించండి. బిడ్డను చూడనివ్వకపోతే చూసే హక్కు కోసం పిటిషన్ వేయండి. అయితే అవి వేరు, మనోవర్తి వేరు.

డబ్బు ఆపితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. మేజిస్ట్రేటు వారెంటు జారీ చేసి బకాయిని జరిమానా వసూలు చేసినట్టు వసూలు చేయించవచ్చు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. సివిల్ డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు ఆదేశం) అమలులో జీతం కూడా జప్తు చేయవచ్చు. మామూలు అప్పుల కంటే మనోవర్తి డిక్రీకి చట్టం ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. జీతంలో మూడింట ఒక వంతును మాత్రమే జప్తు నుంచి కాపాడింది.

మీ ఆదాయం నిజంగా తగ్గిందా? ఉద్యోగం పోయిందా? అయితే మొత్తం తగ్గించమని అదే కోర్టును అడగండి. పరిస్థితులు మారితే ఉత్తర్వు మార్చే వీలు చట్టంలో ఉంది. అడిగి తగ్గించుకోవడం వేరు, చెప్పకుండా మానేయడం వేరు.

బకాయి ఎంతకాలం వరకు అడగవచ్చు?

మేజిస్ట్రేటు ఉత్తర్వు అయితే, ఒక నెల డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాదిలోగా దాని వసూలుకు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటితే ఆ నెలకు వారెంటు అడగలేరు. "బడి సెలవుల్లో చూద్దాంలే" అని వాయిదా వేసి నష్టపోయినవారు చాలామంది ఉన్నారు. మొదట చెప్పిన ఆమె నాలుగు నెలలకే రావడం మంచిదైంది.

రెండు కాగితాల్లో రెండు పేర్లుంటే కోర్టులో ఇబ్బంది కాదా?

హక్కుకు ఇబ్బంది లేదు, రుజువుకు ఉంటుంది. ఫీజు రసీదు, ఆసుపత్రి బిల్లు, పుస్తకాల చీటీ కొత్త పేరుతో వస్తాయి. ఉత్తర్వు పాత పేరుతో ఉంటుంది. "ఈ పిల్లవాడు ఎవరు?" అని అవతలి న్యాయవాది అడిగినప్పుడు చూపడానికి ఒక వంతెన కాగితం కావాలి.

ఆమె విషయంలో చేసింది చెబుతాను. పాత పేరు, కొత్త పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాసి, రెండు పేర్లూ ఒకే బిడ్డవి అని నోటరీ ముందు అఫిడవిట్ చేయించాం. జనన ధ్రువపత్రం, బడి అడ్మిషన్ రిజిస్టరులో మార్పు జరిగిన పేజీ నకలు దానికి జతచేశాం. బకాయి పిటిషన్‌లో బాబు పేరును పాత పేరుతో రాసి, పక్కనే "అలియాస్" అని కొత్త పేరు చేర్చాం. న్యాయమూర్తి బల్ల మీదకు ఆ నాలుగు కాగితాలూ వెళ్లాక పేరు గురించి ఇంకో ప్రశ్న రాలేదు. గెజిట్‌లో ప్రకటన వేయించి ఉంటే అది ఇంకా గట్టి రుజువు.

బ్యాంకు సంగతి మరిచిపోకండి. మనోవర్తి బిడ్డ పేరిట ఉన్న ఖాతాలో పడుతుంటే, ఖాతాలో పేరు మార్చేముందు ఖాతా సంఖ్య అదే ఉంటుందని నిర్ధారించుకోండి. సంఖ్య మారితే తండ్రికి రాతపూర్వకంగా తెలియజేయండి. "ఎక్కడ వేయాలో తెలియలేదు" అన్న సాకుకు చోటివ్వకూడదు.

ఏ కాగితాలు ముందు మార్చాలి?

పదో తరగతికి ముందే అంతా పూర్తి చేయండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకసారి పేరు పడ్డాక మార్చడం ఎంత కష్టమో ఆ పని మీద తిరిగినవాళ్లను అడగండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోగలరు, కాబట్టి స్పెల్లింగు నిర్ణయించుకున్నాకే వెళ్లండి. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే మూలం కాబట్టి అక్కడ పేరు సరిగ్గా ఉండటం మరీ ముఖ్యం.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. బిడ్డ ఇంటిపేరు ఒక గడి, తండ్రి పేరు ఇంకొక గడి. ఇంటిపేరు మారుస్తూ ఆ ఊపులో తండ్రి పేరు గడిలో కూడా మారుతండ్రి పేరు రాయించేస్తారు. దత్తత లేకుండా ఆ పని చేయకండి. తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది, రేపు మనోవర్తి అడిగేటప్పుడు మీ కాగితమే మీకు ఎదురు నిలుస్తుంది.

బిడ్డ నాది కాదు, అందుకే పేరు మార్చారు అని తండ్రి అంటే?

పెళ్లి అమల్లో ఉండగా, లేదా పెళ్లి రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా 280 రోజుల్లోపు పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం నిశ్చయంగా భావిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షన్. బిడ్డ కడుపున పడే సమయంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని భర్త రుజువు చేస్తే తప్ప ఆ భావన చెదరదు. ఇంటిపేరు మార్చడం అలాంటి రుజువు కాదు.

ఇదే సూత్రం తిరగేసినా నిలుస్తుందని 2025 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ తల్లి, కొడుకు పుట్టుక రికార్డులో తన భర్త పేరు తీసి మరొకరి పేరు రాయమని మున్సిపల్ కార్పొరేషన్‌ను అడిగింది. తర్వాత ఆ కొడుకు ఆ మరొకరి నుంచి మనోవర్తి కోరాడు. పెళ్లి అమల్లో ఉండగా పుట్టాడు కాబట్టి చట్టం దృష్టిలో భర్తే తండ్రి అని కోర్టు తేల్చింది.

పేరు మారితే ఆస్తి హక్కు పోతుందా?

పేరు మారితే పోదు. కన్నతండ్రి స్వార్జితానికి, వీలునామా లేకపోతే, కొడుకూ కూతురూ మొదటి తరగతి వారసులే. దత్తత అయితే ఇక్కడా లెక్క మారుతుంది. దత్తత వెళ్లిన బిడ్డ పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా అడగలేడని, అప్పటికే పంపకమై వాటా అతనికి దక్కి ఉంటే మాత్రం అది అతనిదేనని తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ 2023లో తీర్పు చెప్పింది. పొలం, ఇల్లు ఉన్న కుటుంబాల్లో దత్తత పత్రం రాసేముందు ఈ తీర్పు తెలిసిన న్యాయవాదిని కలవండి.

మేము ముస్లింలం, లేదా క్రైస్తవులం. మాకు ఏమి వర్తిస్తుంది?

మొదట చెప్పిన నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ అందరిదీ. ముస్లిం తండ్రి కూడా తన పిల్లలను పోషించాల్సిందేనని, తల్లితో విడాకులైనా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టం చేసింది. 1956 నాటి హిందూ చట్టం మీకు వర్తించదు. దత్తత కావాలంటే ఏ మతం వారికైనా బాల న్యాయ చట్టం దారి తెరిచి ఉంది. 2021 సవరణ తర్వాత ఆ దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు.

తల్లి కూడా ఉద్యోగం చేస్తోంది. అయినా తండ్రి మొత్తం కట్టాలా?

మొత్తం అక్కర్లేదు. ఇద్దరి ఆదాయాలను బట్టి పంచుకోవాలని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. అదే కోర్టు 2020 నవంబర్ 4న ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు చూపుతూ అఫిడవిట్లు ఇవ్వాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది, తీర్పు వచ్చిన తేదీ నుంచి కాదు.

తండ్రి అమెరికాలో ఉన్నాడు.

తల్లి నివసించే ఊరి కోర్టులోనే మనోవర్తి పిటిషన్ వేయవచ్చు. విడాకులు, ఉత్తర్వు అమెరికాలోనే అయితే పిల్లల మనోవర్తి వసూలు చూసే అక్కడి రాష్ట్ర సంస్థకు బిడ్డ కొత్త పేరు తెలియజేయండి. జీతం నుంచి నేరుగా కోత అక్కడ మామూలు పద్ధతి. బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికా పౌరుడికి పాస్‌పోర్టు కూడా ఇవ్వరు. అమెరికా కోర్టు డిక్రీ ఇక్కడ నేరుగా అమలు కాదు, దాని ఆధారంగా ఇక్కడ దావా వేయాలి.

పద్దెనిమిది నిండాక?

మేజిస్ట్రేటు ఉత్తర్వు కింద, శారీరక, మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని పిల్లలకు కొనసాగుతుంది. పెళ్లికాని హిందూ కూతురు, సొంత ఆదాయం లేకపోతే, 1956 చట్టం కింద పెళ్లయ్యేదాకా తండ్రిని అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో ధ్రువపరిచింది. ఆ అమ్మాయి అప్పటికి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నా సరే.

న్యాయవాదికి డబ్బు లేదు.

మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఆ కార్యాలయం ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చూపుతారు. వెళ్లేటప్పుడు ఉత్తర్వు నకలు, జనన ధ్రువపత్రం, ఆఖరుసారి డబ్బు పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీ, పేరు మారిన కాగితం తీసుకెళ్లండి. పాస్‌బుక్‌లో డబ్బు పడని నెలల పక్కన పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఆమె అలాగే నాలుగు గీతలు పెట్టుకుని వచ్చింది.